రెండువందల ఒకటో యూనిట్

కరెంటు బిల్లు వచ్చిన రోజున యింట్లో ప్రతి వస్తువూ దొంగలాగే కనిపిస్తుంది. ఫ్రిజ్ వంక అనుమానంగా చూస్తాం. గీజరును నిలదీస్తాం. ఫాను కింద కూర్చున్న మనిషిని "మీకు మరీ అంత వుక్కగా వుందా?" అని అడుగుతాం. రెండు రోజులు గడిచాక అందరూ మళ్లీ పెద్దమనుషులే. తర్వాతి బిల్లు వచ్చేదాకా యెవరి మీదా ఫిర్యాదు వుండదు.

నేను ముప్ఫయ్యేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మాస్టార్ని. రిటైరయ్యాక తెనాలిలో యిల్లు అద్దెకిచ్చేసి, మా ఆవిడా నేనూ హైదరాబాదులో, కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గర మకాం పెట్టాం. లెక్కల మాస్టారికి నల్లబల్ల లేకపోతే చేతులు వూరుకోవు. బియ్యం లెక్క కోడలు చూసుకుంటుంది, బ్యాంకు లెక్క అబ్బాయి చూసుకుంటాడు. యెవరూ చూడని లెక్క ఒక్కటే మిగిలింది. అది కరెంటు మీటరు.

మా పల్లెటూళ్లలో పూర్వం రాత్రి పది దాటాక యే యింట్లోనైనా దీపం కనిపించిందంటే పురుడో, జబ్బో, పరీక్షో అనుకునేవాళ్లు. యిక్కడ తెల్లవారుజామున రెండింటికి బాల్కనీలో నిలబడి చూస్తే కిటికీ కిటికీకీ నీలపు వెలుగు. పురుళ్లూ కావు, పరీక్షలూ కావు. అమెరికాలో అది మధ్యాహ్నం. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఆ చుట్టూ బండరాళ్లే యెక్కువట. ఆ గుండ్రటి భవనం దగ్గర మొదలైన ఆఫీసులు గచ్చిబౌలి దాకా, ఆ పైదాకా పాకిపోయాయి. 2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ వచ్చేసరికి ఆ ఆఫీసులన్నీ యిళ్లల్లోకి నడిచి వచ్చేశాయి. బల్లా వచ్చింది, కుర్చీ వచ్చింది, రెండు మానిటర్లు వచ్చాయి. ఆఫీసు కరెంటు బిల్లు కూడా చెప్పకుండా వాటి వెంట వచ్చేసింది. తర్వాత చాలామంది మళ్లీ ఆఫీసులకి వెడుతున్నా, మా వాడికి వారంలో సగం రోజులు యింటి దగ్గరే పని. కొన్ని నెలలు పూర్తిగా యింట్లోనే.

అసలు యీ తెరలకీ హైదరాబాదుకీ సంబంధం నిన్న మొన్నటిది కాదు. 1967లో యీ వూళ్లో పెట్టిన ఇ.సి.ఐ.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ కంప్యూటర్లూ చేసింది, టీవీలూ చేసింది. ఇ.సి. టీవీ అంటే ఒకప్పుడు పెళ్లివారింట్లో చెప్పుకోదగ్గ వస్తువు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలయ్యాక, టీవీ వున్న యింటికి సాయంత్రం వీధి వీధంతా చుట్టమే. ఒక్క పెట్టె, ముప్ఫైమంది జనం, రెండు మూడు గంటల ప్రసారం. తలసరి లెక్క వేస్తే అంత పొదుపైన వినోదం మళ్లీ రాలేదు. యిప్పుడు మా యింట్లో మనుషులు అయిదుగురం, తెరలు పది. సెల్‌ఫోన్లు కలిపి చెబుతున్నాను.

సరే, అసలు కథకి వస్తాను. కిందటి మే నెల బిల్లులో 520 యూనిట్లు పడ్డాయి. భోజనాల దగ్గర పంచాయితీ మొదలైంది. అత్తగారి సీరియళ్ల వల్లనేనని కోడలు పైకి అనలేదు గానీ టీవీ వైపు ఒకసారి చూసింది. ఆ చూపు మా ఆవిడ చూడనే చూసింది. "నేను చూసేది సాయంత్రం దీపాలు పెట్టాక గదుటే! మీ ఆయన రాత్రంతా రెండు అద్దాలు వెలిగించుకుని కూర్చుంటాడు, అది లెక్కలోకి రాదా?" అంది. మా వాడు తప్పుని పిల్లవాడి ఆటల కంప్యూటరు మీదికి తోశాడు. పిల్లవాడు, "తాతయ్యా, నేను సెలవుల్లోనే కదా ఆడేది!" అని నన్ను ఆశ్రయించాడు. నలుగురూ నలుగురి మీద నేరం మోపితే తీర్పు చెప్పడానికి సాక్ష్యం కావాలి. ఆ సాక్షి కింద సెల్లారులో గోడకి వేలాడుతున్నాడు.

యిప్పటి మీటర్లలో తిరిగే చక్రం లేదు. చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ వుంటుంది. దాని పక్కనే ఒక అంకె అచ్చువేసి వుంటుంది. మా మీటరు మీద 3200 అని వుంది. అంటే ఆ దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ ఖర్చయిందన్నమాట. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు ఒక గంట. వంద వాట్లయితే పది గంటలు. యీ రెండు ముక్కలూ తెలిస్తే చాలు, మిగతాది అయిదో తరగతి లెక్క.

మూడు రాత్రులు గడియారం పట్టుకుని మీటరు ముందు స్టూలు వేసుకు కూర్చున్నాను. వాచ్‌మన్ మొదటి రాత్రి నాకు మతి చలించిందనుకున్నాడు. రెండో రాత్రి టీ తెచ్చి యిచ్చాడు. మూడో రాత్రి అతనూ నాతోపాటు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పైన మా వాడు ఒక్కొక్క యంత్రమే వెలిగించి ఫోనులో చెబుతుంటే, కింద నేను మిణుకులు రాసుకున్నాను.

తేలింది యిది. మా వాడి ల్యాప్‌టాప్, రెండు మానిటర్లు కలిసి సుమారు 90 వాట్లు. రోజుకి తొమ్మిది గంటలు, నెలకి యిరవై రెండు రోజులు పనిచేస్తే 18 యూనిట్లు. హాల్లో యాభై అయిదు అంగుళాల టీవీ 110 వాట్లు. ఆరు గంటలు నడిస్తే నెలకి 20 యూనిట్లు. మనవడి కంప్యూటరు ఆట మధ్యలో 350 వాట్లు లాగుతోంది. రోజుకి మూడు గంటలయితే నెలకి 31 యూనిట్లు దాటతాయి. ల్యాప్‌టాప్ పెసరట్టు తింటే, ఆటల కంప్యూటరు పెళ్లి భోజనం చేస్తుందన్నమాట. బొమ్మలు గీసే చిప్పు అందులో విడిగా వుంటుంది. దాని ఆకలే ఆకలి.

ముగ్గురు ముద్దాయిలూ అయ్యారు. అప్పుడు నాకొక సందేహం వచ్చింది. అన్నీ ఆర్పేస్తే మీటరు ఆగాలి గదా! ఫ్రిజ్ కూడా కాసేపు కట్టేయమన్నాను. టీవీలు రిమోటుతో ఆర్పేశారు, కంప్యూటర్లు మూసేశారు, దీపాలూ ఫాన్లూ లేవు. యిల్లంతా చీకటి. కింద ఎర్రదీపం మాత్రం తాపీగా మిణుకుమంటూనే వుంది. పది నిమిషాల్లో 24 సార్లు. అంటే గంటకి 144. అంటే 45 వాట్లు. చూడబోతే గోరంత. కానీ అది గంటసేపో రెండు గంటలో కాదు. పగలూ రాత్రీ, ముప్ఫై రోజులూ. గుణిస్తే నెలకి 32 యూనిట్ల పైన! మనవడి ఆటలకన్నా యెక్కువ, మా ఆవిడ సీరియళ్లకన్నా చాలా యెక్కువ. యెవరూ ఆడనిది, యెవరూ చూడనిది, యెవరూ పనిచేయనిది. యింటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. యీ దొంగని పట్టడానికి ఈశ్వరుడు అక్కర్లేదు, ఒక స్టూలూ గడియారమూ చాలు.

కుంభకర్ణుడు ఆరునెలలు నిద్రపోయినా, తిండి తినేది మేలుకున్నాకే. మన యంత్రాలు నిద్రలోనూ తింటాయి. ఒక్కొక్క ప్లగ్గే పీకి చూస్తే, టీవీ పాపం పెద్దగా తినడం లేదు. తింటున్నది దాని పక్కనున్న సెట్‌టాప్ బాక్సు. ఒక్కొక్కటి పది వాట్లు. 2013 మార్చి 31 గడువుతో హైదరాబాదులో కేబుల్ ప్రసారాలన్నీ డిజిటల్ కావాలన్నాక యీ పెట్టె యింటింటికీ వచ్చింది. రిమోటు నొక్కితే ఆరిపోయిందనుకుంటాం. చాలా పెట్టెల్లో ఆరేది పచ్చదీపం మాత్రమే, దాని బదులు ఎర్రదీపం వెలుగుతుంది. లోపల సంకేతాలు అందుకునే భాగమూ, లెక్కలు చేసే భాగమూ మేలుకునే వుంటాయి. తర్వాత వైఫై రౌటరు, 8 వాట్లు. ఇన్వర్టరు తన బ్యాటరీని కాచుకోవడానికి 9. మిగతాది ప్రింటరూ, ఛార్జర్లూ, ఆటల కంప్యూటరూ తలాకొంచెం.

యీ నిద్ర కరెంటు సంగతి పెద్దవాళ్లు యెప్పుడో కనిపెట్టారు. అమెరికా ప్రభుత్వం 1992లో ఎనర్జీ స్టార్ అనే గుర్తు పెట్టినప్పుడు మొట్టమొదట ఆ ముద్ర వేసింది కంప్యూటర్లకీ మానిటర్లకీనే. మనిషి లేచి వెళ్లిపోతే మానిటరు తనంత తాను నిద్రపోవాలని నియమం. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ, యే యంత్రమైనా నిద్రలో ఒక్క వాటుకి మించి తినకూడదని ప్రతిపాదించింది. మా టీవీ అంత మర్యాదగా వుండడం ఆ పుణ్యమే. ఆ మర్యాద పక్కనున్న పెట్టెకి యింకా అబ్బలేదు.

తెరల విషయంలో మరో రెండు ముక్కలు చెప్పాలి. పాత గాజుబుడ్డి టీవీ, యిరవై ఒక్క అంగుళాలది, ఎనభై నుంచి వంద వాట్లు తినేది. యీనాటి ముప్ఫైరెండు అంగుళాల ఎల్.ఇ.డి. టీవీ సుమారు యాభై వాట్లతో సరిపెట్టుకుంటుంది. అయితే ఆ పొదుపుని మనం దాచుకోలేదు, తెర పెంచేసుకున్నాం. ముప్ఫైరెండు నుంచి యాభై అయిదుకి వెడితే అంగుళాలు రెట్టింపు కూడా కాలేదనిపిస్తుంది. కానీ వైశాల్యం అంగుళాల వర్గాన్ని బట్టి పెరుగుతుంది; తెర దాదాపు మూడు రెట్లయింది. వెలిగించవలసిన చోటు కూడా మూడు రెట్లే. పైగా దుకాణంలో పట్టపగటి వెలుగులో మెరవడానికి పెట్టిన కాంతినే యింటికి తెచ్చుకుని అలాగే వుంచేస్తాం. ఆ కాంతి తగ్గిస్తే కళ్లకీ మంచిది, మీటరుకీ మంచిది.

యింకొకటి. పాత మానిటర్ల మీద చేపలు యీదుతూ వుండేవి, గుర్తుందా? దాన్ని స్క్రీన్ సేవర్ అనేవారు. అది కాపాడింది తెరని, కరెంటుని కాదు. ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే గాజు వెనక పూసిన పొడి మీద మచ్చ పడేది. ఆ మచ్చ పడకుండా చేపల్ని యీదించారు. చేపలు యీదినంతసేపూ మీటరూ యీదింది.

కోర్టు తీర్పు చెప్పాను. తెరలన్నీ, వాటి నిద్రతో సహా కలిపితే నూరు యూనిట్ల చిల్లర. మిగతా నాలుగువందల్లో సింహభాగం ఏసీది. ఒకటిన్నర టన్నుల పాత ఏసీ, దాని యంత్రం నడుస్తున్నంతసేపూ, గంటకి సుమారు యూనిటున్నర తింటుంది. తెర తినేది పిడికెడు; తెర ముందు కూర్చున్న మనిషికి చల్లదనం కోసం అయ్యేది కుంచెడు. మా వాడు హాయిగా నవ్వి, "అయితే నాన్నా, యీ పిడికెడు కోసం మూడు రాత్రులు దోమల్లో కూర్చున్నావా?" అన్నాడు. వాడి లెక్క వాడికి సరే. నిద్ర కరెంటు 32 యూనిట్లు, యూనిట్ 9 రూపాయల 50 పైసల చొప్పున, నెలకి మూడువందల చిల్లర. వాళ్లు ఒక ఆదివారం బయట తినే టిఫిను ఖర్చు.

కానీ ఆ 32 యూనిట్లు అన్ని యిళ్లల్లోనూ మూడువందలు కావు. ఆ సంగతి నాకు తెలియజెప్పింది మా యింట్లో పనిచేసే ఆమె.

ఆమెది పాలమూరు వైపు. భర్త మేస్త్రీ పని. మా వీధి వెనక రేకుల గదుల వరసలో ఒక గది, దానికి విడిగా మీటరు. పెద్దపిల్ల డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఫోనులో కాకుండా కంప్యూటరు మీద నేర్చుకుంటేనే పని వస్తుందని కాలేజీలో చెప్పారట. మా అటక మీద పాత కంప్యూటరొకటి, పదిహేడు అంగుళాల గాజుబుడ్డి మానిటరుతో సహా, దుమ్ము కొట్టుకుని వుంది. కోడలు దాన్ని పట్టుకెళ్లమంది. పిల్ల మొహం వెలిగింది. తల్లి మొహం వెలగలేదు.

"వద్దమ్మా," అంది. "గది బెడితే మీటరు రెండొందలు దాటతది. దాటితే జీరో బిల్లు వోతది. ఆ నెల వెయ్యి రూపాయలు నేను యాడికెల్లి దేవాలె?"

ఆమె భయంలో అర్థం వుంది. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన రేషన్‌కార్డు కుటుంబాలకి నెలకి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మాత్రం పైన దాటిన యూనిట్లకి కాదు, మొత్తానికీ కట్టాలి. యీ పథకంతో నిమిత్తం లేనివాళ్లకైనా రెండువందల దగ్గర ఒక గొయ్యి వుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకి 3 రూపాయల 40 పైసలు, రెండో వందకి 4 రూపాయల 80 పైసలు చొప్పున 820 రూపాయలు. 201 కాలిస్తే మొదటి రెండువందలకీ 5 రూపాయల 10 పైసల రేటు వర్తిస్తుంది. ఆ ఒక్కదానికి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. అంటే రెండువందల ఒకటో యూనిట్ ఒక్కదాని ఖరీదు 207 రూపాయల 70 పైసలు! స్థిర చార్జీలూ, సుంకమూ విడి. జీరో బిల్లు వాళ్లకయితే ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి పైచిలుకు. బంగారం అమ్మే కొట్లో కూడా యింత విచిత్రమైన తూకం చూడలేదు నేను.

ఆమె బిల్లు కాగితాలు తెమ్మన్నాను. చలికాలంలో 140, 150. కూలరు తిరిగే మే నెలలో 186. యింకా మిగిలింది 14 యూనిట్లు. మా అటక మీది కంప్యూటరూ గాజుబుడ్డీ కలిసి 150 వాట్లకి తక్కువ తినవు. పిల్ల రోజుకి నాలుగు గంటలు చదివినా నెలకి 18 యూనిట్లు. 186కి 18 కలిపితే 204. యే చదువూ లేని ఆ తల్లి, నేను కాగితం మీద కట్టిన లెక్కని ముందే గుండెలో కట్టేసింది.

మా వాడి దగ్గర బ్యాటరీ చచ్చిపోయిన పాత ల్యాప్‌టాప్ ఒకటి వుంది. ప్లగ్గు పెట్టి వుంచితే శుభ్రంగా నడుస్తుంది. మీటరు దగ్గర కొలిస్తే 30 వాట్లు. నాలుగు గంటల చొప్పున నెలకి 3.6 యూనిట్లు. గాజుబుడ్డిని అటక మీదే వుంచి దాన్ని యిచ్చాం. పిల్లని వెంటబెట్టుకుని వాళ్ల మీటరు కూడా చూశాను. వాళ్ల సెట్‌టాప్ బాక్సూ పది వాట్లదే. రోజుకి ఆరు గంటలు టీవీ, పద్దెనిమిది గంటలు వుత్త నిద్ర. ఆ పద్దెనిమిది గంటలూ గోడ దగ్గర స్విచ్చి ఆర్పేస్తే నెలకి 5.4 యూనిట్లు మిగులుతాయి. కంప్యూటరు తినేది 3.6, పెట్టె మానుకునేది 5.4. లెక్క పిల్లచేతే కట్టించాను. "అయితే కంప్యూటరు వచ్చినంక మీటరు తగ్గుతదా సారూ?" అంది. తగ్గుతుందన్నాను. తల్లి నమ్మలేదు. నెల తిరిగాక రీడింగు కాగితం నా చేతికిచ్చింది. 184. బిల్లు సున్నా. యిప్పుడా పిల్ల పట్టికలు చేయడం నేర్చుకుంటోంది. మొట్టమొదట చేసిన పట్టిక వాళ్లింటి మీటరుదేనట.

మా యింట్లో మూడువందల రూపాయల టిఫిను అనిపించుకున్న నిద్ర కరెంటే, ఆ యింట్లో ఒక పిల్ల చదువుకి అడ్డం పడబోయింది. అంచేత యూనిట్ అన్నిచోట్లా ఒకటే అనే మాట మీటరుకి నిజం గానీ మనుషులకి నిజం కాదు. గీతకి యెంతో దూరాన వున్నవాడికి అది దుమ్ము. గీత అంచున నిలబడ్డవాడికి అది గోడ. నిర్లక్ష్యంతో కొందరు కాలుస్తారు, భయంతో కొందరు ముట్టుకోనే ముట్టుకోరు. యిద్దరికీ కొరవడింది ఒక్కటే, లెక్క.

డబ్బు మాట పక్కన పెడితే, ఆ యూనిట్ వూరికే పుట్టలేదు. సింగరేణి గనుల్లో మనిషి దిగి తవ్విన బొగ్గు రామగుండంలో మండితే కొండాపూర్‌లో ఎర్రదీపం మిణుకుమంటోంది. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ తీయాలంటే అరకిలోకి పైమాటే బొగ్గు కావాలి. మా యింటి నిద్ర కరెంటంతా బొగ్గుతోనే వచ్చిందనుకుంటే, నెలకి కనీసం పదహారు కిలోల బొగ్గుని యెవరూ చూడని తెర కోసం కాలుస్తున్నామన్నమాట. నైజాం కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డునే బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం వుండేది. పొగ వూరందరికీ కనిపించేది. దాన్ని పడగొట్టేశారు. ఆ ప్రాంతంలోనే 2003లో పెద్ద ఐమాక్స్ తెర వెలిసింది. పొగ దూరం వెళ్లిపోయింది, తెర దగ్గరికి వచ్చింది. పొగ కనిపించకపోతే కరెంటు గాలిలోంచి వస్తుందనుకోవడం సులువు.

మా యింట్లో యిప్పుడు పెట్టెలు రెండూ, ప్రింటరూ, ఆటల కంప్యూటరూ తలా ఒక స్విచ్చి వున్న బోర్డుల మీదికి వెళ్లాయి. రాత్రి పడుకోబోయే ముందు వాటిని ఆర్పడం మనవడి ఉద్యోగం. రౌటరుని ముట్టుకోం, అమెరికాతో మా వాడి మాటలన్నీ దాని నోటితోనే. ఇన్వర్టరునీ ముట్టుకోం. వాటిని మినహాయించినా నిద్ర కరెంటు సగానికి పైగా తగ్గింది.

పాఠకులకి నా మనవి ఒక్కటే. ఒక రాత్రి అందరూ పడుకున్నాక మీ మీటరు దగ్గరికి వెళ్లండి. దాని మీద వేసిన అంకె చూసుకోండి. అన్ని మీటర్లకీ 3200 వుండదు. పది నిమిషాలు మిణుకులు లెక్కపెట్టి, ఆరుతో గుణించి, ఆ అంకెతో భాగించండి. గంటకి యెన్ని యూనిట్లో వచ్చేస్తుంది. బిల్లు వాళ్లు యిస్తారు. లెక్క మాత్రం మనమే రాసుకోవాలి. వాచ్‌మన్ యేమనుకుంటాడో అని సంకోచించకండి. రెండో రాత్రికి టీ తెస్తాడు.